అడుగు గింజలు

"అక్కా, గుట్ట మీద మన పాతర తవ్వుతున్నరు" అని తమ్ముడు ఫోన్ చేసినప్పుడు నేను నల్లా కింద బిందె పెట్టి నిలబడి ఉన్నాను. బిందె నిండి నీళ్లు పాదాల మీద పారుతున్నా నల్లా కట్టెయ్యడం మరిచిపోయాను. మెట్‌పల్లిలో ఇన్నేళ్లు కాపురం చేసి, పిల్లలకు చదువు చెప్పి, ఇప్పుడు కథలూ గిథలూ రాసుకుంటూ, నేనూ పట్నపుదాన్నేనని మురిసిపోతున్న మనిషిని. ఆ ఒక్క మాటతో మళ్లీ ఖిల్లగుట్ట మీది పోరినైపోయాను. పాతరంటే మరేం లేదు, గింజలు దాచుకోవడానికి నేలలో తవ్విన గొయ్యి. "ఎవల్ని అడిగి తవ్వుతున్నరు?" అని గట్టిగా అరిచాను. మా తమ్ముడు సగం జీవితం మస్కట్‌లో గడిపి వచ్చినవాడు, ఎవరు అరిచినా నవ్వడం అక్కడే నేర్చుకున్నాడు. "ఎవల్ని అడుగుతరక్కా? గుట్ట మన తాతదా? పురాతనపు తవ్వకాలోళ్లు వచ్చిండ్రు. పొద్దుగాల బండి తీస్కొని వస్త, తయారుండు" అని పెట్టేశాడు.

ఖిల్లగుట్ట గోదావరికి ఇవతలి దిక్కున ఉంటుంది. పైకెక్కి చూస్తే దూరంగా ఏరు, దాని అవతల ఖానాపూర్ వైపు అడవి. నేను పుట్టింది ఆ గుట్ట నెత్తిన. గుట్ట మీద కోతులుంటాయి గాని మనుషులుంటారా అని కింది ఊరి పిల్లలు బడిలో నన్ను ఏడిపించేవారు. ఉండేవాళ్లం. నాకు బుద్ధి తెలిసేనాటికే చాలా ఇళ్లు కూలి, ఏవో కొన్ని పొయ్యిల పొగ మాత్రం మిగిలింది. మాకంటే ముందు ఎవరి తర్వాత ఎవరొచ్చారో గుట్టకే తెలియాలి. అన్నిటికన్నా బయట సున్నం లేకుండా పేర్చిన బండరాళ్ల గోడ. దాని లోపల మూరెడు పొడుగు ఇటుకలు. వాటి మీద ఎవరో సున్నంతో కట్టిన బురుజు, దానికి తుపాకుల కోసం పెట్టిన కంతలు. మా కాలానికి ఆ కంతల్లో పావురాలు గుడ్లు పెట్టేవి. ఇన్నిటి నడుమ మా ఇల్లు, వెనకటివాళ్ల దగ్గర తలా ఇంత తీసుకుని కట్టింది. గోడకు ఒకరి ఇటుక, గడపకు ఇంకొకరి రాయి. మేం స్నానం చేసే జాలారిలో పరిచిన బండకు కింది వైపు హంసలు చెక్కి ఉండేవట. "దేవుని గుడిది కావచ్చు. కాళ్లు పడకుంట బోర్లేసినం" అనేది మా నాయినమ్మ. వాన వెలిసిందంటే మేం పిల్లలం నేల చూసుకుంటూ తిరిగేవాళ్లం. ఎర్రపూసలు తేలేవి, నల్లగా నిగనిగలాడే బొచ్చెపెంకలు తేలేవి. అవి ఎన్ని వందల ఏళ్ల నాటి కుండలవో ఇప్పుడు పెద్దలు చెబుతున్నారు. నాకు తెలిసినంతలో వాటంత మంచి తొక్కుడుబిళ్లలు ఇంకెక్కడా దొరకవు.

నాయినమ్మ పేరు లస్మవ్వ. పొట్టి మనిషి, పెద్ద గొంతు. గుట్ట మీద పుట్టి, గుట్ట మీదే కూతవేటు దూరంలో ఉన్న మా ఇంటికి కోడలై వచ్చింది. ఎక్కుడుదిగుడుకు ఆమె కాళ్లు ఎన్నడూ నొవ్వలేదు, కింద సాపు నేల మీద నడిస్తేనే నొచ్చేవి. పొద్దు పొడవకముందే విసుర్రాయి ముందు కూర్చునేది. ఆ రాయి చప్పుడుకు నేను లేచేదాన్ని కాదు, అది ఆగితే లేచేదాన్ని. ఆగిందంటే పిండి అయినట్టు, పొయ్యి మీద పెంక పెట్టినట్టు. పాతర జొన్నలతో చేసిన రొట్టెకు ఒక వాసన ఉంటుంది. పులిసిన అంబలికీ పొగచూరిన ఇంటికప్పుకూ నడుమ ఉండే వాసన. కొత్తవాళ్లు ముక్కు మూసుకుంటారు. మేం మాత్రం ఆ వాసన లేని రొట్టెను రొట్టె అనుకునేవాళ్లం కాదు.

పాతరలో గింజ పొయ్యడమంటే మా ఇంట్లో పెళ్లి చేసినంత హడావుడి. ఇంటి వెనుక గట్టి మొరంలో, అంటే గరుసు నేలలో, తొలిచిన గొయ్యి అది. మూతి మనిషి దూరేంత, లోపల మనిషి నిలబడేంత. మా తాతలు తవ్వింది కాదు. "మనం వచ్చేసరికే ఉన్నది. ఎవలో తవ్వి పెట్టిండ్రు, మనం తింటున్నం" అని నాయినమ్మ చెప్పేది. ముందు లోపలంతా బూడిద చల్లి, గోడల చుట్టూ గడ్డి పేర్చి, వేపాకు వేసి, అప్పుడు జొన్నలు పోసేవారు. మీద మళ్లీ గడ్డి, గడ్డి మీద బండ, బండ చుట్టూ మట్టి మెత్తేవారు. తెరిచేటప్పుడు ఇంకా పెద్ద తతంగం. మూత తీయగానే ఎవరూ దిగకూడదు, లోపలి గాలి మనిషిని పట్టేస్తుంది. నాయినమ్మ చిన్న బుట్టలో దీపం పెట్టి తాడుతో లోపలికి వదిలేది. ఆరిపోయిందా, "పాతర ఇంకా ఊపిరి తీస్కుంటలేదు, జర ఆగుండ్రి" అని మూతి పక్కనే కూర్చునేది. దీపం నిలబడితేనే మనిషి దిగాలి. అంతసేపూ పిల్లలం కొట్లాడుకోకూడదు, ఆకలి అనే మాట అనకూడదు. మా తమ్ముడు సరిగ్గా అప్పుడే ఆకలైతుందని ఏడ్చేవాడు.

అన్నిటికన్నా మించిన కట్టుబాటు ఒకటుంది. పాతర ఎంత ఖాళీ అయినా అడుగు ఊడ్చకూడదు. ఆ సంగతి తెలియక మా అవ్వ కాపురానికి వచ్చిన కొత్తలో చిక్కులో పడింది. మా దిక్కు అమ్మను అవ్వ అంటాం, నాన్నను బాపు అంటాం. అవ్వ మెట్‌పల్లి పిల్ల, గీత పెట్టినట్టు శుభ్రంగా ఉండే ఇంటి నుంచి వచ్చింది. సన్నగా ఉందని ఆమెను పాతరలో దించారు. ఆమె పాపం గింజలన్నీ ఎత్తి, చీపురడిగి తీసుకుని, అడుగు అద్దంలా ఊడ్చి, మెచ్చుకుంటారని నవ్వుతూ పైకి వచ్చింది.

"ఏందే గిది? అడుగు ఊడ్చినవా? తర్వాత వచ్చెటోడు ఏం తినాలె?" అని నాయినమ్మ లేచిందట.

"తర్వాత ఎవలొస్తరత్తా? మల్ల మనమే గద పోసేది?"

"మనమే అని నీకు ఎవలన్న రాసిచ్చిండ్రా? మనకంటె ముందటోళ్లు గూడ గట్లనే అనుకున్నరు. ఏడున్నరు వాళ్లిప్పుడు?"

చాటెడు జొన్నలు మళ్లీ లోపల పోయించేదాకా ఊరుకోలేదట. అప్పటి నుంచి అవ్వకు ఆ ఇంట్లో పేరు పోయింది. ఏం కావాలన్నా "ఓ మెట్‌పల్లిదానా" అనే పిలుపే. నాకు ఊహ తెలిశాక కూడా అదే పిలుపు. అత్త లేని కోడలు ఉత్తమురాలు, కోడలు లేని అత్త గుణవంతురాలు అంటారు. మా ఇంట్లో ఇద్దరూ ఉన్నారు కాబట్టి మంచివాళ్లెవరూ లేరని బాపు నవ్వేవాడు. అవ్వ మాత్రం నవ్వేది కాదు.

గుట్ట దిగాల్సి వచ్చింది నీళ్ల వల్ల. బండలో తొలిచిన గుండం ఒకటి మా అందరి గొంతులూ తడిపేది. ఎండలు ముదిరితే అది అడుగంటేది, అప్పుడు ఆడవాళ్లు కింది నుంచి బిందెలు మోసేవాళ్లు. మా ఇంట్లో మోసేది అవ్వ ఒక్కతే. తక్కిన ఇళ్లవాళ్లు ఒక్కొక్కరే దిగిపోయారు. ఆ ఎండాకాలం పాతరలో కొత్త జొన్నలు పోసి ఎన్నాళ్లో కాలేదు, అవ్వ మెట్ల మీద బిందెతో సహా పడిపోయింది. ఆ సాయంత్రం బాపు నాయినమ్మ ముందు కూర్చుని, "అవ్వా, కిందికి పోదాం. దీని నడుము ఇరుగుతున్నది" అన్నాడు.

"మీరు పోండ్రి. గుట్ట నన్ను పొమ్మనలే" అంది నాయినమ్మ. చాలా రోజులు అదే మాట. చివరికి నన్నూ తమ్ముణ్నీ విడిచి ఉండలేక ఒప్పుకుంది గాని, ఒప్పుకున్నందుకు మా మీద అలిగే ఉంది. బయల్దేరే రోజు అవ్వే పాతరలో దిగింది, నడుం నొప్పితోనే. గంపలు నింపి అందిస్తుంటే బాపు పైకి లాగాడు. కొంతసేపటికి లోపలి నుంచి "అయిపోయింది, ఇంక అడుగే ఉన్నది" అని అవ్వ గొంతు వినిపించింది. "ఊడ్వకు" అంది నాయినమ్మ. "ఊడ్వలే" అంది అవ్వ. బండ వేసి మట్టి మెత్తారు. నాయినమ్మ ఆ మట్టి మీద అరచేయి ఆనించి కాసేపు కూర్చుంది. తర్వాత వెనక్కి చూడకుండా దిగింది.

కింద మా కొత్త ఇల్లు నల్లరేగడి నేల మీద కట్టింది. చుట్టుపక్కలవాళ్లు గింజలను వెదురు గుమ్ములలో పోసుకునేవాళ్లు. నాయినమ్మకు అది నవ్వులాట. "గుమ్మిల పోస్తె ఎలుకలకు బంతి పెట్టినట్టే" అని దగ్గరుండి పాతర తవ్వించింది. చోటు తనే చూపింది, లోతు తనే చెప్పింది, బూడిద తనే చల్లింది. గుట్ట మీద ఎట్లా చేసిందో అచ్చం అట్లాగే చేసింది. ఒక్క లోపం లేదు. పక్కింటి ముసలాయన గోడ మీంచి చూసి "లస్మవ్వా, గీ నేల అసొంటిది కాదు" అన్నాడు గాని, గుట్టోళ్లకు పాతర సంగతి చెప్పే మొనగాడా అని ఆమె మొహం తిప్పుకుంది. మొరంలో పుట్టి మొరంలో పెరిగిన మనిషి. నేల నీళ్లు తాగుతుందనీ, తాగింది లోలోపల దాచుకుంటుందనీ ఆమెకెట్లా తెలుస్తుంది? మా ఇంట్లో ఎవరికీ తెలియదు. మెట్‌పల్లిది గనక అవ్వకు తెలిసి ఉండొచ్చు. కానీ పాతర మాటెత్తే ధైర్యం ఆమెకు లేదు.

ఆ ఏడు వానలు తిరగబడి కొట్టాయి. వానలు వెనుకపట్టాక, యాసంగి పంటకు విత్తనం తీద్దామని బండ ఎత్తితే దీపం వదలాల్సిన పనే లేకపోయింది. గుప్పున కంపు కొట్టింది. పైనంతా మొలకలు, కింద నల్లటి ముద్ద, ముట్టుకుంటే వేడి. బర్రెలకు వేస్తే అవి కూడా మూతి తిప్పుకున్నాయి. తిండి గింజలు అవే, విత్తనాలూ అవే. బాపు తల పట్టుకుని అరుగు మీద కూలబడ్డాడు. అంతకంటే నన్ను భయపెట్టింది నాయినమ్మ. ఆ పెద్ద గొంతు ఒక్కసారి ఆగిపోయింది. "నా చేతులతోనే పిల్లల కూడు మురగబెట్టిన" అన్న ఒక్క మాట అని, గోడ వైపు తిరిగి పడుకుంది. ఇరుగుపొరుగు ఇచ్చిన మక్కజొన్నలతో అవ్వ సంకటిలా గటక వండి దగ్గర పెడితే ముట్టలేదు. మరునాడూ ముట్టలేదు. నీళ్లు మాత్రం రెండు గుక్కలు తాగేది. ఆమె వీపు చూస్తూ కూర్చుని, నాయినమ్మ చచ్చిపోతుందని నేను వెక్కి వెక్కి ఏడ్చాను. నా ఏడుపుకు కూడా ఆమె ఇటు తిరగలేదు. అంతకు ముందెన్నడూ అట్లా జరగలేదు.

అప్పుడు అవ్వ గటక గిన్నె పక్కన పెట్టి, కొంగు నడుముకు చుట్టింది.

"అత్తా, లే. గుట్టకు పోదాం. ఆడ మన గింజలున్నయి."

గోడ దిక్కు నుంచి నీరసంగా జవాబొచ్చింది. "అడుగు గింజలతోని ఎవల కడుపు నిండుతదే?"

"అడుగు ఊడ్వద్దని నువ్వే గద అన్నది. అడుగంటె ఎంతో చెప్పినవా నాకు?"

బాపు తలెత్తాడు. అవ్వ నేల చూస్తూ మెల్లగా చెప్పింది, మోకాళ్ల దాకా జొన్నలు విడిచిపెట్టి వచ్చానని. బాపు నోరెళ్లబెట్టి, "ఎందుకే? పిచ్చా నీకు?" అన్నాడు.

"అత్త కింద ఉండదనుకున్న. ఎన్నడో ఒకనాడు అలిగి మూట గట్టుకోని గుట్టకే పోతది. పోతె ఆడ ఏం తింటది?"

నేను చిన్నదాన్నే గాని ఆ మాట నాకు అప్పుడే అర్థమైంది, ఆ తర్వాత బతికినన్నాళ్లూ మళ్లీ మళ్లీ అర్థమవుతూ వచ్చింది. ఏ రోజూ పేరు పెట్టి పిలవని అత్త కోసం, నడుం పట్టేసిన మనిషి, చీకటి పాతరలో ఒంటరిగా నిలబడి, ఈమె అలిగి వస్తే ఎన్నాళ్లకు సరిపోతాయని లెక్క చూసుకుంటూ గింజలు వదిలింది. పైకొచ్చి ఎవరికీ చెప్పలేదు. నాయినమ్మ గోడ వైపు నుంచి ఇటు తిరిగింది. అవ్వను పైనుంచి కిందికి చూసింది. లేచి కూర్చుని, "నా కట్టె ఏది?" అంది.

మరునాడు పొద్దున్నే అందరం ఎక్కాం. తిండి లేని మనిషి కూర్చుంటూ లేస్తూ ఎక్కింది, బాపు ఎత్తుకుంటానంటే కట్టె చూపింది. మాకు ఒక్కటే భయం. మొన్నటి వానలకు అక్కడ కూడా అదే గతి పట్టి ఉంటే? బాపు మట్టి గీకి బండ జరిపాడు. నాయినమ్మ దీపం దించింది. ఆరిపోయింది. బాపు మొహం పాలిపోయింది. "ఆరనీయ్. మూసిన పాతరలు ఒక్కసారే ఊపిరి తీస్కుంటయా?" అని నాయినమ్మ మూతి పక్కన చతికిలబడింది. పొద్దు నెత్తి మీదికి వచ్చేదాకా అట్లాగే కూర్చున్నాం. తమ్ముడు కూడా ఆకలి అనలేదు. రెండోసారి దించిన దీపం లోపల నిలబడి వెలిగింది. అవ్వ దిగింది. మొదటి గంప పైకి రాగానే నాయినమ్మ ఒక గింజ తీసి పంటి కింద పెట్టింది. కటుక్కుమని విరిగిన చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. ఆ తర్వాత గంప మీద గంప వస్తూనే ఉంది. నాయినమ్మ పాతర మూతి మీదికి వంగి, తన పాత గొంతుతో గుట్టంతా మారుమోగేలా అరిచింది.

"గింత అడుగు ఏడనన్న ఉంటదా?"

లోపలి నుంచి అవ్వ నవ్వింది. అవ్వ అట్లా పగలబడి నవ్వడం నేను మొదటిసారి విన్నాను. నాయినమ్మ కూడా నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది, ముక్కు చీది, "చాలు, ఇంక పైకి రా బిడ్డా" అంది. బిడ్డా అంది! బాపు వినలేదేమోనని నేను వెళ్లి చెప్పాను. పైకప్పు విప్పుకుపోయిన మా పాత ఇంట్లో, పాత పొయ్యి మీదే, అవ్వ రెండు రాళ్ల మధ్య జొన్నలు నూరి గటక వండింది. నాయినమ్మ తిన్నది. దిగేముందు గంపెడు గింజలు తనే వెనక్కి పోసి, బండ వేయించింది. ఇక ఎన్నడూ గుట్టకు పోతానని అనలేదు. కింద గుమ్మి కట్టించుకుంది, ఎలుకలను తిట్టుకుంటూ దాని పక్కనే చాలా ఏళ్లు బతికింది. చివరి రోజుల్లో అవ్వ చేత్తో తప్ప ఇంకెవరి చేత్తోనూ తినేది కాదు.

వెనకటి రోజులే బంగారం అనే మనిషిని కాను నేను. నల్లా తిప్పితే నీళ్లు పడుతున్నాయి, ఆ బిందెలు మోసిన నడుం ముసలితనం దాకా అవ్వను ఏడిపించింది. బియ్యం బస్తా ఇంటి ముందుకొస్తుంది, ఎవరూ దీపం దించి ఎదురుచూడక్కర్లేదు. అందుకు రోజూ దండం పెట్టుకుంటాను. కాకపోతే మా ఇంట్లో ఇప్పుడు డబ్బాలన్నీ తళతళలాడేలా తుడిచి బోర్లిస్తారు. పిండి డబ్బా అడుగున ఇంత వదిలితే మా కోడలు "అత్తమ్మా, గిది పురుగు పడుతది" అంటుంది. నిజమే, పడుతుంది. అయినా వదులుతూనే ఉంటాను.

తమ్ముడితో గుట్ట ఎక్కేసరికి ఎండ ఎక్కింది. మెట్లకు ఇప్పుడు ఇనుప కడ్డీలు పెట్టారు, వాటిని పట్టుకుని ఆయాసపడుతూ ఎక్కాను. మా ఇంటి గోడ జాడ లేదు గాని జాలారి బండను మాత్రం ఎవరో తిప్పి పెట్టారు, హంసలు ఆకాశం చూస్తున్నాయి. పాతర పక్కన ఒక పిల్ల మోకాళ్ల మీద కూర్చుని చిన్న కుంచెతో మట్టి దులుపుతోంది. హుస్నాబాద్ పిల్లట, చదువుకుంటూ ఈ పనికి వచ్చింది. మా పాతరేనని తమ్ముడు చెప్పగానే లేచి, నా చెయ్యి పట్టుకుని అంచు దగ్గరికి తీసుకెళ్లింది. గొయ్యిని నిలువునా చీల్చి, ఒక వైపు మట్టి తీసేశారు. రెండో వైపు మట్టి గోడలా నిలబడి ఉంది, అందులో పొరలు కనిపిస్తున్నాయి.

"పైన గీ పొట్టు చూడండమ్మా, జొన్నలు. ఇవి మీయే కావచ్చు" అంది. "దాని కింద బూడిద. బూడిద కింద మల్ల గింజలు, మాడినట్టు నల్లగైనయి. వాటి కింద ఇంకో బూడిద పొర, మల్ల ఇంకేవో సన్నగింజలు. ఒక్కో పొరకు నడుమ ఎంత కాలం ఉందో ఇంకా చూడాలె."

నేను ఆ అంచునే కూర్చుని, పొరలను ఒక్కొక్కటే కింది దాకా చూశాను. తాతలు కారు, ముత్తాతలు కారు, భాష కూడా మాది కాదేమో. బండరాళ్ల గోడ కట్టినవాళ్లు, మూరెడు ఇటుకలవాళ్లు, బురుజువాళ్లు. ఎవరి కాలంలో వాళ్లు ఈ గొయ్యిలో దిగి, గింజలు ఎత్తుకుని, అడుగు ఊడ్చకుండా పైకి వచ్చారు. ఒక్కరూ ఊడ్చలేదు. మా అవ్వ ఊడ్చింది గాని చాటెడు తిరిగి పోసింది, తర్వాత వడ్డీతో సహా కట్టింది. అవ్వా, చూసినవానే అని మనసులో అనుకున్నాను.

నిలబడి ఉన్న మట్టి వైపు చూపించి, "గీ సగం ఎప్పుడు తీస్తరు బిడ్డా?" అని అడిగాను.

"తియ్యమమ్మా. సగమే తవ్వుతం, సగం గట్లనే విడిచిపెడుతం."

"ఎందుకు?"

"మా తర్వాత వచ్చెటోళ్లకు. మాకు తెల్వనిది వాళ్లకు తెలుస్తదేమో. మొత్తం మేమే తీసుకుంటె వాళ్లకేం మిగులుతది?"

నాకు తెలియకుండానే నా నోటి నుంచి నాయినమ్మ గొంతు బయటికొచ్చింది. "గింత అడుగు ఏడనన్న ఉంటదా?" తమ్ముడు ఒక్కసారి నవ్వి, వెంటనే మొహం అటు తిప్పుకున్నాడు. ఆ పిల్లకు ఏమీ అర్థం కాక, పెద్దామెకు ఎండ తగిలిందేమోనని నీళ్ల సీసా అందించింది. తాగి, కొంగుతో కళ్లు తుడుచుకుని, ఆమె తల నిమిరాను.

"ఊడ్వకు బిడ్డా" అన్నాను.

"ఊడ్వమమ్మా" అంది ఆ పిల్ల, కుంచె చేతిలోకి తీసుకుంటూ.